సోవియట్ పిచ్చాసుపత్రుల్లో అసమ్మతివాదులు: అరెస్టు నుంచి వార్డు దాకా కాగితాలు ఎలా నడిచేవి?

తుంగభద్ర అడిగిన ప్రశ్న:
ప్రభుత్వాన్ని విమర్శించినవాళ్లకి పిచ్చి ముద్ర వేసి లోపల పడేసేవాళ్లని తెలుసు. నాకు అంతుపట్టనిది దాని ఆచరణ. ఏ కాగితం ఎవరు రాసేవాళ్లు? జైళ్లు, లేబర్ క్యాంపులు ఉండగా డాక్టర్లతో ఏం పని? ముగ్గురు డాక్టర్లు చూడాలనే రూలుందంటారు, మరి అదెందుకు అడ్డం పడలేదు? మన 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఈ దారి మూసుకుపోయినట్టేనా?

పాతఫైలు:
రెండు దార్లుండేవండి. మొదటిది కోర్టు గుమ్మం తొక్కనిది. 1961 అక్టోబరు సూచనల ప్రకారం "సమాజానికి ప్రమాదకరం" అనుకున్న రోగిని బంధువుల ఒప్పుకోలు లేకుండానే తీసుకెళ్లొచ్చు. 24 గంటల్లో ముగ్గురు సైకియాట్రిస్టులు చూడాలి, ఆ తర్వాత కనీసం నెలకోసారి తిరిగి పరీక్షించాలి. జీవశాస్త్రవేత్త జోరెస్ మెద్వెదేవ్‌ని 1970 మే 29న ఓబ్నిన్స్క్‌లోని ఇంటి నుంచి ఇలాగే కలూగా ఆసుపత్రికి పట్టుకెళ్లారు. కవల సోదరుడు రాయ్, భౌతిక శాస్త్రవేత్తలు సఖారోవ్, కపీత్సా లాంటివాళ్లు గట్టిగా గొంతెత్తడంతో 19 రోజులకి వదిలారు. అంత పేరు లేనివాళ్ల సంగతి వేరే చెప్పాలా.

రెండోది క్రిమినల్ దారి, అసలు భయంకరమైనది ఇదే. ముందు కేసు: శిక్షాస్మృతిలోని 70వ అధికరణం (సోవియట్ వ్యతిరేక ప్రచారం) లేదా 1966లో చేర్చిన 190-1 (సోవియట్ వ్యవస్థ మీద అపనింద). దర్యాప్తు అధికారి ఫోరెన్సిక్ పరీక్షకి రాస్తాడు. ముఖ్యమైన కేసైతే మాస్కోలోని సెర్బ్‌స్కీ ఇన్‌స్టిట్యూట్‌కి, అందులోనూ రాజకీయ కేసులు చూసే నాలుగో విభాగానికి వెళ్తుంది. చాలాకాలం దాని అధిపతి దనీల్ లూంట్స్. "తన చర్యలకు బాధ్యుడు కాడు" అని అక్కణ్నుంచి కాగితం వస్తే ముద్దాయి లేకుండానే విచారణ ముగించొచ్చు. కోర్టు శిక్ష వేయదు, "నిర్బంధ చికిత్స"కి ఆదేశిస్తుంది. అంతే, మనిషి కజాన్‌కో, చెర్న్యఖోవ్‌స్క్‌కో, ద్నెప్రొపెట్రొవ్‌స్క్‌కో అక్కడి ప్రత్యేక మానసిక ఆసుపత్రికి వెళ్లిపోతాడు. పేరుకి ఆసుపత్రులే గానీ 1988 దాకా ఇవి ఆరోగ్య శాఖవి కావు, హోం శాఖవి.

డాక్టర్లెందుకంటారా? 190-1 కింద గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు, 70 కింద మొదటిసారైతే 7. చికిత్సకి గడువే లేదు. పైగా మనిషిని జనం ముందు నిలబెట్టక్కర్లేదు. 1968 ఆగస్టు 25న ఎర్ర మైదానంలో చెకొస్లొవాకియా ఆక్రమణకి నిరసనగా కూర్చున్నవాళ్లలో విక్టర్ ఫైన్‌బర్గ్‌ని ముందరి పళ్లు ఊడేలా కొట్టారు. ఆ మొహంతో బోనులో నిలబెడితే ఎలా? మిగతావాళ్లలో ఐదుగురిని కోర్టుకి, ఇతన్ని లెనిన్‌గ్రాడ్ ప్రత్యేక ఆసుపత్రికి పంపారు.

మందులచీటీ:
రోగనిర్ధారణ వైపు నుంచి కొంచెం. ఎక్కువగా వాడిన పేరు "మందగతి స్కిజోఫ్రీనియా". మాస్కోలో సైకియాట్రిస్టు స్నెజ్నెవ్‌స్కీ బోధించిన వర్గీకరణ ఇది. అందులోని సదుపాయం చూడండి: భ్రమలు, లేని మాటలు వినిపించడం, ఇవేవీ అక్కర్లేదు. జబ్బు నెమ్మదిగా పెరుగుతోంది, పైకి కనబడదు అంటే చాలు. లక్షణాల కింద ఏం రాసేవాళ్లంటే "సంస్కరణ భ్రాంతి", "సత్యాన్వేషణ", అర్జీలు పెట్టే యావ. నేను బాగానే ఉన్నాను మొర్రో అంటే, తన జబ్బు తనకి తెలియడం లేదని అదీ ఒక లక్షణమే.

మందులు అసలైనవే, వాడిన తీరే వేరు. హాలోపెరిడాల్ ఇచ్చినప్పుడు ఒళ్లు బిగుసుకుపోకుండా పక్కన ట్రైహెక్సీఫెనిడిల్ లాంటి మాత్ర ఇవ్వడం మామూలు పద్ధతి. దాన్ని ఆపేస్తే దవడ లాక్కుపోతుంది, కాళ్లు ఒకచోట నిలవవు, కూర్చోలేడు, పడుకోలేడు. ద్నెప్రొపెట్రొవ్‌స్క్‌లో గణితవేత్త లియోనిద్ ప్ల్యూష్‌కి హాలోపెరిడాల్ ఎక్కించారు. 1976 జనవరిలో బయటపడేసరికి మనిషి సగమయ్యాడు. సల్ఫాజిన్ మరీ ఘోరం: పీచ్ నూనెలో గంధకం కలిపి కండలోకి గుచ్చుతారు, జ్వరం 40 డిగ్రీలకి పోతుంది, సూది వేసినచోట కదిలితే ప్రాణం పోయినంత నొప్పి. దీన్ని చికిత్స అనడానికి నాకైతే నోరు రాదు.

తుంగభద్ర:
మరి ఏ డాక్టరైనా "ఇతను బాగానే ఉన్నాడు" అని రాస్తే?

పాతఫైలు:
రాశారు కూడా. జనరల్ ప్యోత్ర్ గ్రిగొరెంకోని 1969 మేలో తాష్కెంట్‌లో పట్టుకున్నారు. ఆగస్టులో ప్రొఫెసర్ దెతెన్‌గోఫ్ కమిషన్ పరీక్షించి మానసికంగా ఆరోగ్యంగా ఉన్నాడని తేల్చింది. దర్యాప్తు వాళ్లు సెర్బ్‌స్కీకి రెండో పరీక్షకి పంపారు. అక్కడ పిచ్చి అన్నారు. తాష్కెంట్ నివేదికకి సెర్బ్‌స్కీ చెప్పిన జవాబు చదివితే ఆశ్చర్యమేస్తుంది: బయటికి సరిగ్గా ప్రవర్తించడం, పొందికగా మాట్లాడడం చూసి వాళ్లు మోసపోయారట! 1974 దాకా లోపలే ఉంచారు. 1979లో అమెరికాలో సైకియాట్రిస్టులు పరీక్షిస్తే జబ్బు ఆనవాలే లేదు.

మీ ముగ్గురు డాక్టర్ల ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. రెండో అభిప్రాయం అడిగే హక్కు దర్యాప్తు అధికారి చేతిలో ఉంది, ముద్దాయి చేతిలో లేదు. ప్రత్యేక ఆసుపత్రులకి ఆర్నెల్లకోసారి కమిషన్ వచ్చేది, మంచం దగ్గర రెండు నిమిషాలు నిలబడేది. అసలు అడిగేది ఒక్కటే: మీ అభిప్రాయాలు మారాయా? ఖార్కోవ్ సైకియాట్రిస్టు అనతోలీ కొర్యాగిన్ ఇలాంటివాళ్లని స్వతంత్రంగా పరీక్షించి, జబ్బు లేదని రాసినందుకు 1981లో 7 ఏళ్ల క్యాంపు, ఆపైన 5 ఏళ్ల ప్రవాస శిక్ష పడింది. 1983లో ప్రపంచ సైకియాట్రిక్ అసోసియేషన్ వెళ్లగొట్టేలోపే సోవియట్ సంఘం తనంతట తానే తప్పుకుంది.

వకీలుబల్ల:
మన చట్టం సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. సెక్షన్ 3 సూటిగానే ఉంది: రాజకీయ విలువలతో ఏకీభవించకపోవడం జబ్బుకి ఆధారం కాకూడదు, గతంలో చికిత్స పొందారన్నదొక్కటే ఇప్పుడు జబ్బుందనడానికి చాలదు.

సొంత ఒప్పుకోలు లేని చేరికకి సెక్షన్ 89. నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరపున నిలబడే మనిషి) దరఖాస్తు ఉండాలి. చేరిన రోజున గానీ అంతకుముందు 7 రోజుల్లో గానీ ఇద్దరు విడివిడిగా చూడాలి, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్టు. గరిష్ఠం 30 రోజులు. ఆసుపత్రి 7 రోజుల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకి తెలపాలి, మహిళలైతే 3 రోజుల్లోనే. ఆ చేరికని సవాలు చేస్తే బోర్డు 7 రోజుల్లో తేల్చాలి. లీగల్ ఎయిడ్ ఉచితం.

జాగ్రత్తగా చూడాల్సింది పోలీసు దారి. సెక్షన్ 100 కింద పోలీసులు తాము పట్టుకున్న మనిషిని 24 గంటల్లో ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. 102 కింద మేజిస్ట్రేటు పరీక్ష కోసం 10 రోజుల దాకా ఉంచమనొచ్చు. 2020 మేలో విశాఖలో, మాస్కుల కొరత గురించి మాట్లాడి సస్పెండైన మత్తుమందు ఇచ్చే డాక్టరుని పోలీసులు చేతులు కట్టి పట్టుకెళ్లాక మానసిక ఆసుపత్రిలో చేర్చారు. కొద్ది రోజులకే హైకోర్టు సీబీఐ దర్యాప్తుకి ఆదేశించింది. బోర్డు పనిచేయని చోట రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకి తెమ్మనే పిటిషన్) వేయాల్సిందే.

చాలామంది వదిలేసేది సెక్షన్ 14. ప్రతినిధి ఎవరో మీరే ముందుగా రాసుకోవచ్చు: తెల్ల కాగితం, మీ సంతకం లేదా వేలిముద్ర, ఆ మనిషికి 18 ఏళ్లు నిండి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు. అలా రాయకపోతే ఆ స్థానం బంధువులకి పోతుంది, ఇంట్లోవాళ్లతో పడనివాళ్లకి చిక్కంతా అక్కడే. ఒక కాపీ ఆ మనిషి దగ్గర, ఒకటి మీ లాయరు దగ్గర ఉంచండి, మీ బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే అవసరం పడ్డ రోజున తీసేవాళ్లుండరు.