ఇల్లందు గుమ్మడి నర్సయ్య ఐదుసార్లు ఎలా గెలిచారు? 2009లో ఎందుకు ఓడారు?

డిగ్రీ విద్యార్థి, వరంగల్:
కాలేజీ ప్రాజెక్టుకి ఇల్లందు ఎస్టీ నియోజకవర్గం తీసుకున్నాను. నర్సయ్య గారు అక్కడ ఎమ్మెల్యేగా 1983, 1985, 1989, 1999, 2004లో గెలిచారు. ఏ వీడియో చూసినా సైకిలు, ఆర్టీసీ బస్సు, జీతం పార్టీకి ఇచ్చేయడం, ఇవే ఉన్నాయి. అంత మంచి మనిషిని జనం ఎందుకు వదులుకున్నారు? డబ్బేనా కారణం? ఆ ప్రాంతం వాళ్లెవరైనా చెప్పండి అన్నా.

టేకులపల్లి టీచర్:
తమ్ముడూ, సైకిలు దగ్గర ఆగిపోకు. మాది బీడీలు చుట్టే తునికాకు కోసిన ఇల్లు. ఎండాకాలం తెల్లారకముందే అమ్మ అడవికి పోయేది. మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూర్చుని యాభై ఆకులకో కట్ట కట్టి, సాయంత్రం కల్లానికి మోసేవాళ్లం. కట్టకు ఎంతిస్తారన్నదే మాకు అసలు రాజకీయం. రేటు కోసం కల్లాల దగ్గర కొట్లాడింది సంఘం వాళ్లు. పోడు చేలల్లోకి ఫారెస్టోళ్లు వస్తే అడ్డం నిలబడిందీ వాళ్లే. నర్సయ్య గారు ఆ సంఘంలోంచి వచ్చిన కోయ రైతు. ఆయన నిరాడంబరత నిజమే, నాకు ఎంతో గౌరవం. కానీ బస్సులో తిరిగినందుకే గెలిచారంటే, ఆయన వెనక ఊరూరా పనిచేసిన మనుషులు కనపడకుండా పోతారు. నాకు బాధ అక్కడే.

ఇంకో సంగతి. ఆయన సీపీఐ (ఎంఎల్) న్యూడెమోక్రసీ అనే వామపక్ష పార్టీ నాయకుడైనా ఎన్నికల రికార్డుల్లో స్వతంత్ర అభ్యర్థిగానే కనిపిస్తారు. గుర్తింపు లేని పార్టీకి సొంత గుర్తు ఉండదు. ఇచ్చిన గుర్తును గూడేల్లో ఇంటింటికీ చేర్చాలంటే కార్యకర్తలు లేకుండా అయ్యే పని కాదు.

ఇల్లందు రిటైర్డ్ కార్మికుడు:
డబ్బు పాత్ర లేదనను. కానీ పొత్తులు చూడండి. 1994లో ఎన్టీఆర్ తెలుగుదేశం, సీపీఐ, సీపీఎం కలిశాయి. సీపీఐ నుంచి ఊకె అబ్బయ్య గెలిచారు. 2009లో తెలుగుదేశం, టీఆర్ఎస్, సీపీఐ, సీపీఎం కలిసి మహాకూటమి కట్టాయి. ఈసారి తెలుగుదేశం టికెట్ మీద గెలిచిందీ ఆ అబ్బయ్యే. పైగా ఇక్కడ సింగరేణి భూగర్భ బొగ్గు గనులు మూతపడుతూ వచ్చాయి, కార్మికులు బదిలీల మీద వెళ్లిపోయారు. సంఘాల్లో తిరిగిన కుటుంబాలు అలా చాలా పోయాయి.

డిగ్రీ విద్యార్థి, వరంగల్:
అయితే పొత్తే కారణమని రాసుకోవచ్చా సార్?

టేకులపల్లి టీచర్:
అంత తేలిగ్గా రాయకు. 2004లో కాంగ్రెస్‌తో టీఆర్ఎస్, సీపీఐ, సీపీఎం కలిసి రాష్ట్రమంతా ఊపేశాయి. ఆ గాలిలోనూ నర్సయ్య గారు నిలబడ్డారు. 2009 నాటికి కొత్తగా వచ్చింది నియోజకవర్గాల పునర్విభజన. పక్కనే వైరా, పినపాక కొత్తగా పుట్టాయి, ఇల్లందు హద్దులు మారాయి. ఊళ్లు అటూ ఇటూ పోతే కొన్నేళ్లు కట్టుకున్న సంఘం బలం చీలిపోతుంది. నా దృష్టిలో పొత్తు కన్నా ఇదే పెద్ద దెబ్బ.

నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. 2004, 2009 పోలింగ్ కేంద్రాల వారీ లెక్కలు, అంటే ఫారం 20, సంపాదించు. రెండుసార్లూ ఇల్లందులోనే ఉన్న ఊళ్లను వేరుగా తీసి, ఆయన ఓటు ఎక్కడ తగ్గిందో చూడు. అక్కడ తగ్గకపోతే హద్దుల మార్పే కారణమని ధైర్యంగా రాయొచ్చు. తగ్గితే ఆ ఊళ్లకు వెళ్లి, తునికాకు కోసే ఆడవాళ్లను ముందు అడుగు.