పాత బేకలైట్ రికార్డర్: బాగుచేసి ఊదాలా, అలాగే ఉంచాలా?

సర్రే బాబాయ్: టేప్ రికార్డర్ అనుకుని వచ్చినవాళ్లు క్షమించాలి. ఇది ఊదే రికార్డర్, ఇక్కడ ఇంగ్లాండు బడుల్లో పిల్లలకు నేర్పే నిలువు పిల్లనగ్రోవి. ఛారిటీ షాపులో డోల్‌మెచ్ అనే వాయిద్యాల తయారీదారులు బేకలైట్‌తో, అంటే పాతకాలపు గట్టి ప్లాస్టిక్‌తో, చేసిన డెస్కంట్ (పిల్లలు వాయించే చిన్న సైజు రికార్డర్) ఒకటి దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక హేజిల్‌మియర్‌లో చేసిన రకం. జాయింటు దగ్గర వెంట్రుకంత పగులు, పైన మెరుపు పోయింది. బాగుచేసి మా అమ్మాయికి ఇద్దామని నేను, ముట్టుకోవద్దని మా ఆవిడ. మీరేమంటారు?

అతుకులబొంత: బొబ్బిలి వీణ అయితే ఆలోచించాలి గానీ, బడిపిల్లల కోసం అచ్చుపోసిన ప్లాస్టిక్‌కి ఇంత టెన్షన్ ఎందుకండీ? పగులు మీద నాలుగు చుక్కల ఆసిటోన్ వేస్తే కరిగి అతుక్కుంటుంది. పైన సాండ్‌పేపర్ రుద్ది పాలిష్ పెట్టండి.

నూలుపోగు: ఆసిటోన్‌తో కరిగేది ఏబీఎస్ అనే ప్లాస్టిక్. ఇప్పటి యమహా, ఆలోస్ రికార్డర్లు దానితో చేస్తారు. బేకలైట్ ఒకసారి గట్టిపడ్డాక కరగదు, వేడికి మెత్తబడదు. దానికి ఎపాక్సీ జిగురే గతి. ఇక సాండ్‌పేపర్ జోలికి పోవద్దు. నున్నటి పైపొర పోతే లోపల కలిపిన రంపపు పొట్టులాంటిది బయటపడి తేమ పీలుస్తుంది. అప్పటి కొన్ని బేకలైట్ సరుకుల్లో ఆస్బెస్టాస్ కూడా కలిపేవారు, ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు. అన్నట్టు బాబాయ్, జాయింటుకి దారం చుట్టి ఉందా?

సర్రే బాబాయ్: ఉంది. రెండు రంగులది, బాగా మందంగా.

నూలుపోగు: మీ పగులుకి కారణం అదే అయ్యుంటుంది. వదులైనప్పుడల్లా ఎవరో చుట్టు మీద చుట్టు వేశారు, బయటి గొట్టం బిగుతు తట్టుకోలేక చీలింది. ముందు దారం తగ్గించండి. దాన్ని అలాగే ఉంచి అతికిస్తే మళ్లీ అక్కడే విడుతుంది.

మూగవేణువు: నాదీ మీ ఆవిడగారి మాటే. బేకలైట్ పెళుసు, పిల్ల చేతిలోంచి జారితే ముక్కలే. పాపకి కొత్త ఏబీఎస్‌ది కొనివ్వండి, ఇది అలమారలో ఉంచండి.

అతుకులబొంత: ఊదని పిల్లనగ్రోవికీ పొయ్యి గొట్టానికీ తేడా ఏముందండీ? ఆసిటోన్ మాట వెనక్కి తీసుకుంటున్నా, ఈ మాట తీసుకోను.

నూలుపోగు: ఇందులో నేను అతుకులబొంత వైపే. కాకపోతే విప్పి తీసేయగల పని మాత్రమే చేయాలి. దారం, మైనం సరే. గాలిదారి, అంటే ఊదిన గాలి వెళ్లే సన్నటి సందు, దాని ఎదుట ఉండే పదునైన అంచు మాత్రం ముట్టుకోకూడదు. అక్కడ వెంట్రుకవాసి అరిగినా గొంతే మారిపోతుంది.

సర్రే బాబాయ్: నాలుగు చుట్లు విప్పి తేనెమైనం రాశా. పగులు అలాగే ఉంది గానీ గాలి కారడం లేదు, అందుకని ఎపాక్సీ వేయలేదు. పై స్వరాలు మాత్రం బొంగురుగా వస్తున్నాయి.

అతుకులబొంత: గాలిదారిలో సూదితో ఒకసారి...

నూలుపోగు: అయ్యా, సూది వద్దు! లోపల తేమ బిందువులు నిలిచి ఉంటాయి. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క నీళ్లలో కలిపి గాలిదారిలో పోసి, తుడవకుండా ఆరనివ్వండి.

సర్రే బాబాయ్: పోసి కిటికీ దగ్గర నిలబెట్టా, ఎండ తగలని వైపు. ఇప్పుడు మా ఆవిడే వచ్చి ఆరిందా అని చూసి వెళ్తోంది.