మ్‌ఫాంత్సె మాటలు విడగొడితే అర్థం దొరుకుతుందా?

తకొరాది_స్టోర్స్:
ఘనాలో తకొరాది పోర్టు దగ్గర పని చేస్తున్నాను. చుట్టూ మ్‌ఫాంత్సె మాట్లాడేవాళ్లే. 'కస' అంటే మాట, 'అనొమ' అంటే పక్షి అని నేర్చుకున్నాను. మా గోడౌన్‌లో ఒక పెద్దాయన రేడియోని 'అకసనొమ' అంటారు. రెండు ముక్కలూ తెలిసినా రేడియో అని ఎలా తట్టాలి?

కేప్‌కోస్ట్_మాస్టారు:
తమ్ముడూ, విడగొట్టు, కానీ చివరి ముక్కతో మొదలుపెట్టు. రెండు నామవాచకాలు కలిస్తే వరస మన తెలుగులో లాగే, అసలు ముక్క చివర ఉంటుంది. పొ అంటే సముద్రం, ఆనొ అంటే నోరు, అంచు. 'మ్‌పొఆనొ' సముద్రపు ఒడ్డు.

అనాసపండుని 'అబొరొబె' అంటారు. చివర ఉన్నది 'అబె', అంటే ఆయిల్ పామ్ చెట్టు. ముందున్న 'బొరొ' సముద్రం అవతలి నుంచి వచ్చిందని చెబుతుంది. మన సీమచింతలో 'సీమ' చేసే పనే. ఆ రెండూ అమెరికా నుంచి వచ్చినవే మరి! అనాస ఆయిల్ పామ్ కాదని అక్కడ పసిపిల్లలకీ తెలుసు. ముక్కలు దారి చూపిస్తాయి, అర్థాన్ని ఖాయం చేసేది వాడుక. అకసనొమ కూడా అంతే, మాట్లాడే పక్షి.

నాకు ప్రాణమైన మాట 'ఒచెరెచెరెన్యి'. చెరె అంటే చూపించు. అదే రెండుసార్లు అంటే బోధించు. చివర 'న్యి' చేరితే ఆ పని చేసే మనిషి, అంటే టీచర్. ఒకరికన్నా ఎక్కువైతే న్యి పోయి 'ఫొ' వస్తుంది. మ్‌ఫాంత్సెన్యి ఒకరు, మ్‌ఫాంత్సెఫొ ఆ జనం. ఈ రెండూ చెవికి అలవాటైతే వృత్తుల పేర్లు చాలావరకు నీ అంతట నువ్వే విప్పుకుంటావు.

అలల_ఒడ్డు:
మాస్టారూ, ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రొట్టెని 'పానో' అంటారు, దాన్ని ఎంత విడగొట్టినా ఏమీ దొరకదు. అది పోర్చుగీసు మాట. వాళ్లు 1482లో ఇదే తీరంలోని ఎల్మినా ఊళ్లో కోట కట్టారు. మన పావ్‌భాజీలో పావ్‌ది కూడా అదే మూలం. తీరంలో ఇలాంటి ఎరువు మాటలు ఇంకా ఉన్నాయి, వాటిని యథాతథంగా నేర్చుకోవాల్సిందే.

తకొరాది_స్టోర్స్:
చాలా థాంక్స్ అండీ. కేప్ కోస్ట్‌ని వీళ్లు 'ఒగ్వా' అంటారు కదా. మరి లారీ డ్రైవర్లు 'ఒగ్వాఫొ' అనేది ఆ ఊరివాళ్లనేనా?

కేప్‌కోస్ట్_మాస్టారు:
వాళ్లనే. ఒక్కరైతే ఒగ్వాన్యి. ఎల్మినా సొంత పేరు 'ఎదిన', కాబట్టి అక్కడివాళ్లు ఎదినఫొ. ఇక మీ పోర్టులో ఎవరే ఊరో నువ్వే అడిగి చూడు.