సబ్‌వూఫర్ బాక్స్ లోపల రెసిన్ పూయాలా, అక్కర్లేదా?

డిక్కీలో_బాస్
అందరికీ నమస్కారం. మా స్విఫ్ట్ డిక్కీ కోసం 12 అంగుళాల సబ్‌కి (బాస్ మోగించే వూఫర్ స్పీకరు) సీల్డ్ బాక్స్, అంటే గాలి పోకుండా అంతా మూసిన పెట్టె, నేనే కట్టాను. 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో నొక్కి చేసిన పలక), లోపల 35 లీటర్లు. చెక్కలు టింబర్ డిపోలో మెషీన్ మీద కోయించా, అతికించింది ఇంట్లోనే, ఫెవికాల్ పెట్టి స్క్రూలు బిగించా. కార్ ఆడియో షాపులో ఒకాయన "లోపల ఫైబర్ రెసిన్ పోసి అన్ని వైపులా తిప్పు, రాయిలా అయిపోద్ది, బాస్ రెట్టింపవుద్ది" అన్నాడు. రెసిన్ అంటే పోశాక గట్టిపడే చిక్కటి ద్రవం. మా బావేమో డబ్బు దండగంటున్నాడు. వూఫర్ ఇంకా బిగించలేదు. ఏం చెయ్యమంటారు?

రంపంపొట్టు
తమ్ముడూ, అక్కర్లేదు. రెట్టింపు మాట అసలు నమ్మకు. నీ సబ్ మోగేది 80 హెర్ట్జ్ లోపు. ఆ తరంగం పొడవే 4 మీటర్లు దాటుతుంది. అడుగు చిల్లర బాక్సులో గోడ గరుగ్గా ఉందా నున్నగా ఉందా అన్నది దానికి లెక్కలోకే రాదు. బాస్‌ని తినేసేవి రెండు: గాలి లీకు, గోడ ఊగడం. ఊగకుండా ఉండాలంటే ఎదురెదురు గోడల్ని కలుపుతూ మధ్యలో ఒక అడ్డపట్టీ కొట్టు. నీ దగ్గర మిగిలిన ఎండీఎఫ్ ముక్క చాలు. పల్చటి రెసిన్ పూత ఆ పని చెయ్యలేదు. లీకులకి మూలల్లో సీలెంట్ పెట్టి వేలితో దిద్దు, పూర్తిగా ఆరాకే వూఫర్ పెట్టు.

ఉప్పుగాలి
రంపంపొట్టు గారూ, శబ్దం వరకు మీరన్నది ఒప్పుకుంటా. కానీ మాది కాకినాడ. ఎండీఎఫ్ కోసిన అంచు తడిని పీల్చేస్తుంది, ఒకసారి ఉబ్బితే ఎండబెట్టినా మళ్లీ యథాస్థితికి రాదు. నా మొదటి బాక్సు అలాగే పోయింది. వానల్లో డిక్కీ రబ్బరు దగ్గర నుంచి నీళ్లు కారి కార్పెట్ కింద నిలిచాయి. నెల తర్వాత చూస్తే అడుగు చెక్క అంచు బిస్కెట్‌లా పొరలు విడిపోయి ఉంది, స్క్రూ చేత్తో లాగితే వచ్చేసింది. రెండో దానికి లోపలా బయటా ఎపాక్సీ (ఇంకో రకం రెసిన్) పూశా. రెసిన్ దండగని అందరికీ ఒకే మాట చెప్పకండి.

రంపంపొట్టు
మీ బాక్సు విషయం చదివితే బాధేసింది. కానీ మీరే చెప్పారు చూడండి, నీళ్లు వచ్చింది కింద నుంచి. అయితే పూత పడాల్సింది బయట, అడుగున, అంచులకి. లోపల ఎందుకు?

తెప్పల_షెడ్డు
నేను ఫైబర్ తెప్పలు రిపేరు చేస్తాను, రోజూ రెసిన్‌తోనే పని. ఇద్దరూ వదిలేసిన సంగతి చెప్తా. ఒట్టి పాలిస్టర్ రెసిన్‌కి (ఆ షాపాయన చెప్పిన ఫైబర్ రెసిన్ ఇదే) బలం లేదు, బలం దాంతో పాటు పరిచే గ్లాస్ మ్యాట్‌ది, అంటే గాజు నార పరుపుది. మ్యాట్ లేకుండా మందంగా పోస్తే గట్టిపడేటప్పుడు ముడుచుకుని పగులుతుంది. "పోసి తిప్పు" అన్నారే, అలా చేస్తే మూలలో మడుగులా నిలిచి కాగిపోతుంది, పొగ కూడా వస్తుంది. మూల మూయడానికి పోసింది మూలలోనే చీలిందంటే ఇంక ఏం లాభం? 35 లీటర్ల బాక్సు లోపల మిల్లీమీటరు మందం పూయాలన్నా ముప్పావు కిలో దాకా పడుతుంది.

ఎవరైనా చేస్తే మాత్రం ఇది గుర్తుపెట్టుకోండి: రెసిన్ గట్టిపడటానికి కలిపే కోబాల్టు, క్యాటలిస్టు రెండూ నేరుగా ఒకదాంట్లో ఒకటి కలపొద్దు, పేలి మంట లేస్తుంది. ముందు కోబాల్టు రెసిన్‌లో బాగా కలిశాకే క్యాటలిస్టు. క్యాటలిస్టు చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్లని పూర్తిగా మూసే రక్షణ కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. పని ఆరుబయటే చెయ్యండి. తల బాక్సు లోపల పెట్టి పూయడం అస్సలొద్దు.

డిక్కీలో_బాస్
అన్నా, ఇంత ప్రమాదమని ఆ షాపాయన చెప్పనే లేదు. మరి నా బాక్సు లీకవుతుందో లేదో తెలిసేదెలా?

రంపంపొట్టు
అడ్డపట్టీ, సీలెంట్ పని అయ్యాక వూఫర్ బిగించి, 30 హెర్ట్జ్ టోన్ చిన్న సౌండులో పెట్టు. ఫ్యాన్ ఆపి, అగరుబత్తి వెలిగించి జాయింట్ల వెంబడి నెమ్మదిగా జరుపు. పొగ నిటారుగా లేస్తుంటే బాగున్నట్టు. ఎక్కడ వణికితే అక్కడ లీకు.

డిక్కీలో_బాస్
చేశాను. పట్టీ కొట్టి, మూలలు దిద్ది, రెండు రోజులు ఆరనిచ్చా. మూలల దగ్గర పొగ కదల్లేదు. కానీ వెనక వైర్లు తగిలించే టెర్మినల్ కప్పు దగ్గరికి రాగానే పొగ గజగజ వణికింది! దాని కింద గాలి ఆపే పట్టీ ఏమీ లేదు, ఉత్త ప్లాస్టిక్ చెక్కకి ఆనుకుని ఉంది. విప్పి ఫోమ్ పట్టీ వేసి బిగించా, ఆగింది. లోపల రెసిన్ మానేశాను. ఉప్పుగాలి గారూ, మీ మాట విని అడుగుకి బయట ఎపాక్సీ రెండు కోట్లు వేస్తున్నా.

ఉప్పుగాలి
సంతోషం తమ్ముడూ. అడుగు కంటే ముందు నాలుగు అంచులకీ వెయ్యి. మొదటి కోటు అంచే తాగేస్తుంది, అక్కడ మూడోది కూడా పడాలి.