4 నిమిషాల టేక్‌లో పిక్చర్‌కీ సౌండ్‌కీ 6 ఫ్రేముల తేడా వస్తోంది, ఎడిటర్ గారికి చెప్పాలా?

ప్రశ్న (ఇంటర్న్):
అందరికీ నమస్కారం. నేను ఫిల్మ్ కోర్సు రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫిల్మ్‌నగర్‌లో ఒక ఎడిట్ సూట్‌లో ఇంటర్న్‌గా చేరి ఏడు వారాలైంది. రషెస్ (షూటింగ్‌లో తీసిన ఫుటేజ్) కాపీ చేయడం, బిన్‌లు (క్లిప్‌లు పెట్టుకునే ఫోల్డర్లు) సర్దడం, టేక్ మొదట్లో కొట్టే క్లాప్ చూసి సౌండ్ కలపడం నా పని. సినిమా సింక్ సౌండ్‌లో తీశారు, అంటే మాటలు షూటింగ్‌లోనే విడిగా రికార్డు చేశారు. రెండో కెమెరా టేక్‌లతో చిక్కొచ్చింది. క్లాప్ దగ్గర సౌండ్ సరిగ్గానే కూర్చుంటుంది. టేక్ నడిచేకొద్దీ పెదవులు ముందుకెళ్లిపోతాయి, మాట వెనకబడుతుంది. 4 నిమిషాల టేక్ చివరికి 6 ఫ్రేములు తేడా. చివర కలిపితే మొదలు తప్పుతోంది. మొదటి కెమెరా క్లిప్‌లన్నీ బాగున్నాయి.

ఎడిటర్ గారు ఆ సీన్లు కట్ చేసేశారు కూడా. రేపు పొద్దున డైరెక్టర్ గారు రఫ్ కట్ (తొలి కూర్పు) చూడ్డానికి వస్తున్నారు. తప్పు నాదేనేమోనని నిన్నటి నుంచి అన్నం సహించడం లేదు. రూమ్ కృష్ణానగర్‌లోనే, ఎంత రాత్రయినా ఉండగలను. ఎవరికీ చెప్పకుండా ఈ రాత్రికి ఒక్కో కట్ సరిచేసేయొచ్చా? ఎడిటింగ్ ప్రీమియర్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాం.

జవాబు (అసిస్టెంట్ ఎడిటర్, 11 ఏళ్లుగా):
చెల్లీ, ముందు అన్నం తిను. తర్వాత ఒక పరీక్ష చెయ్. రెండో కెమెరా క్లిప్‌లో కెమెరా మైక్ పట్టిన సౌండ్ ఉంటుంది కదా, అది వేసి టేక్ మొత్తం విను. అది చివరిదాకా పెదవులతో కలిసి నడిచి, రికార్డిస్ట్ ఇచ్చిన ఫైల్ ఒక్కటే వెనకబడుతుంటే నీ క్లాప్ కలపడంలో తప్పు లేనట్టే. మొదట్లో 6 ఫ్రేములు, చివర కూడా 6 ఫ్రేములు ఉంటే చెయ్యి తప్పింది అంటాం. పెరుగుతూ పోయిందంటే వేగం తప్పింది.

నువ్విచ్చిన అంకె చూస్తే నాకు సంగతి అర్థమవుతూనే ఉంది. సెకనుకు 24 ఫ్రేములకీ 23.976 ఫ్రేములకీ తేడా వెయ్యింట ఒక వంతు. 4 నిమిషాలంటే 240 సెకన్లు, అందులో వెయ్యో వంతు 0.24 సెకను. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన దాదాపు 6. ఆ కెమెరా 23.976లో తీసి ఉంటుంది, దాన్ని ఎవరో 24గా నడిపిస్తున్నారు. క్లిప్ ప్రాపర్టీస్‌ని నమ్మకు, ఒరిజినల్ ఫైల్‌ని ఫైల్ వివరాలు చూపించే మీడియాఇన్ఫోలో తెరిచి చూడు.

ఇంటర్న్:
అన్నా, అదే. ఫైల్ 23.976 అని చూపిస్తోంది. ప్రాజెక్టు 24 కాబట్టి అన్నీ 24లో ఉండాలనుకుని, చేరిన మొదటివారంలో క్లిప్‌లన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో (క్లిప్ ఏ రేటుతో నడవాలో చెప్పే సెట్టింగ్) 24 ఇచ్చింది నేనే. ఇప్పుడు వెనక్కి మార్చేయనా?

అసిస్టెంట్ ఎడిటర్:
వద్దు, అసలు ముట్టుకోకు. ఆ క్లిప్‌లు టైమ్‌లైన్‌లో కట్ అయి ఉన్నాయి. ఇప్పుడు రేటు మారిస్తే ఇన్‌లు, అవుట్‌లు (షాట్ మొదలయ్యే, ముగిసే చోట్లు) జరిగిపోయే ప్రమాదం ఉంది, ఎడిటర్ కూర్చుని కుదిర్చిన కట్ పాడవుతుంది. ప్రాజెక్టును వేరే పేరుతో సేవ్ చేసుకుని, ఏ ప్రయోగమైనా ఆ కాపీలోనే చెయ్. రేపటి స్క్రీనింగ్‌కి గండమేమీ లేదు. 10 సెకన్ల షాట్‌లో ఈ తేడా 0.01 సెకను, అంటే పావు ఫ్రేము. షాట్ మొదట్లో సౌండ్ జరిపి కుదిర్చితే కంటికి ఆనదు. కానీ ఆ జరపడం కూడా ఎడిటర్‌ని అడిగే చెయ్.

జవాబు (సౌండ్ ఎడిటర్):
కంటికి ఆనదు కదా అని చెప్పకుండా వదిలేయకమ్మా, బతిమాలి చెబుతున్నా. పిక్చర్ లాక్ అయ్యాక (కట్ ఇక మారదని తేలాక) ఏఏఎఫ్, అంటే టైమ్‌లైన్ వివరాలున్న ఫైల్, మా దగ్గరికొస్తుంది. మేం టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ ఉండే సమయం అంకె) పట్టుకుని ఒరిజినల్ రికార్డింగులు మళ్లీ వెతుక్కుంటాం. 23.976 కెమెరా టైమ్‌కోడ్ గడియారంతో పోలిస్తే గంటకు 3.6 సెకన్లు వెనకబడుతుంది. పొద్దున ఒకసారి జామ్ చేసి (కెమెరా, రికార్డర్ టైమ్‌కోడ్‌లు కలిపి) వదిలేస్తే 3 గంటలకు దాదాపు 11 సెకన్లు! ఒకసారి ఒక సినిమాకి ఎవరో ఇలాగే చెప్పకుండా కట్ కట్‌కీ జరిపి పంపారు. ఎక్కడ ఏం జరిపారో పట్టుకోవడానికి నాలుగు రాత్రులు పట్టింది మాకు. తర్వాత డబ్బింగ్‌కి వెళ్లే సీన్లుంటాయి, ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) ఉంటుంది, డీఐ (రంగులు సరిచేసే పని) ఉంటుంది. అందరూ నీ టైమ్‌లైన్‌నే నమ్ముతారు.

దారులు రెండున్నాయి. పిక్చర్‌ని ఇప్పుడున్నట్టే 24లో ఉంచి, ఆ టేక్‌ల సౌండ్‌ని 100.1 శాతం వేగంతో నడపడం ఒకటి. ఆ మాత్రం శ్రుతి తేడా చెవికి తెలియదు. పిక్చర్‌ని దాని అసలు రేటుకు తేవడం రెండోది. అప్పుడు 24 టైమ్‌లైన్‌లో దాదాపు 42 సెకన్లకో ఫ్రేము రెండుసార్లు పడుతుంది. కట్ కదలదు కాబట్టి నా ఓటు మొదటిదానికి. ఏది చేసినా డీఐ వాళ్లకూ అదే మాట వెళ్లాలి.

జవాబు (పోయినేడాది ఇంటర్న్‌షిప్ చేసిన సీనియర్):
చెప్పేటప్పుడు వట్టి చేతులతో వెళ్లకు. కాగితం మీద క్లిప్ పేర్లు, ఏ సీన్‌లో వాడారు, అసలు రేటు రాసుకుని వెళ్లు. "సర్, రెండో కెమెరా 23.976లో ఉంది, చూసుకోకుండా నేనే 24 ఇచ్చాను, లిస్ట్ ఇదిగో, ఇంకా ఏదీ మార్చలేదు" అను. ఈ చివరి మాట తప్పకుండా చెప్పు, ఆయన మొదట అడిగేది అదే. వాట్సాప్‌లో మాత్రం పెట్టకు, మనిషి ఎదురుగా చెప్పు. ఇకమీదట కార్డు రాగానే, కాపీకి ముందే కెమెరా రిపోర్ట్‌లో ఫ్రేమ్ రేట్ చూడు.

ఇంటర్న్ (మర్నాడు):
రాత్రే చెప్పాను. లిస్ట్‌లో 37 క్లిప్‌లు, 5 సీన్లు. సర్ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఏదైనా మార్చావా?" అనే అడిగారు. లేదన్నాక సౌండ్ వాళ్లకు, డీఐకి ఫోన్ చేశారు. అక్కా, మీరు చెప్పిన మొదటి దారే ఖాయమైంది. పొద్దున స్క్రీనింగ్ కూడా అయిపోయింది, సింక్ గురించి ఎవరూ ఏమీ అనలేదు. సౌండ్ ఫైళ్లు తయారుచేసే పని నాకే ఇచ్చారు. ఒక సందేహం, పాత ఫైళ్ల పేర్లే ఉంచనా?

సౌండ్ ఎడిటర్:
ఉంచకు. ఒరిజినల్స్ ఉన్నచోటే ఉండనివ్వు. కొత్తవి వేరే ఫోల్డర్‌లో, పాత పేరు చివర 1001 అని చేర్చి పెట్టు. ముందు 4 నిమిషాల ఆ టేక్ ఒక్కటే చేసి చివరిదాకా చూడు. అది కుదిరాక మిగతా 36 మొదలుపెట్టు.