నీలం ఒక్కటే చాలా, తెలుపు కూడా కావాలా? పగడాల ట్యాంకు వెలుగు మీద చర్చ

వేళచ్చేరి వనిత:
అందరికీ నమస్కారం. మాది చెన్నై వేళచ్చేరిలో రెండో అంతస్తు ఫ్లాటు. హాల్లో మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు ఉంది. జోయాంథిడ్‌లు, మష్రూమ్‌లు, ఒక టార్చ్ కోరల్ అనే రకాల పగడాలు అందులో చక్కగానే ఉన్నాయి. ఇప్పుడు మాంటిపోరా, అది నిలిస్తే అక్రొపోరా అనే గట్టి పగడాలు పెట్టాలని ఆశ. చిక్కు ఇక్కడే వచ్చింది. నా ఎల్‌ఈడీ లైటులో వయొలెట్, రాయల్ బ్లూ, బ్లూ, కూల్ వైట్, కాస్త ఎరుపు, ఆకుపచ్చ అన్నీ విడివిడిగా తగ్గించి పెంచుకోవచ్చు. కొళత్తూరులో ఫ్రాగ్‌లు (పెంచుకోవడానికి కోసి అంటించిన పగడపు ముక్కలు) అమ్మే ఒకాయన "వైట్ సున్నాలో పెట్టండి, బ్లూ మొత్తం తెరవండి" అన్నారు. అదే వీధిలో ఇంకో కొట్టులో "వైట్ లేకపోతే గట్టి కోరల్ పెరగనే పెరగదు" అన్నారు. ఇంట్లో మా అత్తగారి అభ్యంతరం వేరు: సాయంత్రమయ్యేసరికి హాలు పెళ్ళి రిసెప్షన్ వేదికలా ఉంటోందట. ఎవరి మాట వినాలి? ఎంతైనా వాదించుకోండి, కారణం మాత్రం చెప్పండి.

నీలిమందు:
మొదటి కొట్టాయన చెప్పిందే సరి. ఎందుకో ఆయనకు తెలుసో లేదో గానీ, నేను చెబుతాను. నీరు ముందుగా మింగేది ఎరుపునే. 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎరుపు స్వచ్ఛమైన నీటిలో కూడా పది మీటర్లు దిగేసరికి నూటికి మూడు పాళ్ళే మిగులుతుంది. 450 దగ్గర ఉండే నీలం అదే లోతులో నూటికి తొంభై దాకా నిలుస్తుంది. పగడం ఒంట్లో కాపురముండి దానికి తిండి వండిపెట్టే జూజాంథెల్లే శైవలాలు ఈ నీలానికి అలవాటు పడినవే. వాటిలోని క్లోరోఫిల్-ఎ 430 పరిసరాల్లో, క్లోరోఫిల్-సి2 450 పరిసరాల్లో బాగా పట్టుకుంటాయి. పెరిడినిన్ అనే మరో వర్ణకం 470 నుంచి 550 దాకా అందుకుంటుంది. పైగా రంగుల సంగతి. పగడాల్లోని మెరిసే ప్రొటీన్ల తయారీని ప్రధానంగా నీలి కాంతే పెంచుతుందని 2008లో వచ్చిన పరిశోధన చూపింది. ఆహారం నీలంలో ఉంది, రంగు నీలంలో ఉంది. ఇక తెలుపు దేనికి? నాచు పెంచడానికా?

పాతకాపు:
నీలిమందు గారూ, లెక్క బాగుంది. కానీ అది ఏ లోతు లెక్క? పది మీటర్ల లెక్క చెప్పి మూడు మీటర్ల లోతులో బతికే జీవిని పెంచమంటే ఎలా? కొట్లకు వచ్చే అక్రొపోరాల్లో చాలా రకాలు సముద్రంలో పగడపు దిబ్బ పైఅంచున, రెండు మూడు మీటర్ల నీటిలో పెరిగేవి. సముద్రం వెనక్కి తగ్గిన వేళ కొన్ని కొమ్మలు నీటి పైకే బయటపడతాయి. మీరు చెప్పిన ఆ 650 ఎరుపే మూడు మీటర్ల దగ్గర ఇంకా మూడో వంతు ఉంటుంది. ఆకుపచ్చ, పసుపు అయితే పుష్కలం.

మేము 250 వాట్ల మెటల్ హాలైడ్ దీపాల కింద, 10,000 కెల్విన్ వెలుగులో (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు పోతుంది) అక్రొపోరాను బల్లలంత పెంచాం. 6,500 కెల్విన్ దీపం పెడితే ఇంకా జోరుగా పెరిగేవి. కాకపోతే కాఫీ రంగుకు తిరిగేవి. అందుకే జనం 14,000కు, తర్వాత 20,000కు వెళ్ళారు. అంటే నీలం వచ్చింది మన కంటి సరదా కోసం, పగడం ఆకలి కోసం కాదు. నేను హాలైడ్ వదిలేశానంటే కారణం స్పెక్ట్రమ్ కాదు. చెన్నై మే నెలలో ఆ దీపం కింద నీరు 31 డిగ్రీలు దాటుతుంటే నీటిని చల్లబరిచే చిల్లర్ ఆగకుండా తిరిగేది. కరెంటు బిల్లులో శ్లాబు మారిన ప్రతిసారీ ఇంట్లో నాకు కాఫీ ఆలస్యమయ్యేది.

ఇంకో మాట. కూల్ వైట్ ఎల్‌ఈడీ అంటే లోపల ఉన్నది నీలి చిప్పే. 450 పరిసరాల్లో వెలిగే చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూత వేస్తారు. దాన్ని తెరిస్తే మీ నీలం తగ్గదు, ఇంకాస్త కలుస్తుంది. మరి తెలుపు మీద ఇంత కక్ష ఎందుకు?

మిద్దెతోట:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మిద్దె మీద నారు పెంచడానికి కొన్న గ్రో లైటు నా దగ్గర ఊరికే పడి ఉంది. గులాబీ రంగు వెలుగు, ఎక్కువ భాగం 660 ఎరుపు. కిరణజన్య సంయోగక్రియ ఎక్కడైనా ఒకటే కదా, పగడాలకు పనికిరాదా?

నీలిమందు:
పనికిరాదండీ. వంకాయ నారు వేరు, పగడం వేరు. స్టైలోఫోరా పిస్టిల్లాటా అనే పగడం మీద ఆరు వారాలు చేసిన ప్రయోగం 2014లో ప్రచురితమైంది. కొన్ని ముక్కలకు నీలం, కొన్నింటికి ఎరుపు, కొన్నింటికి సగం సగం, అదీ వెలుగు తీవ్రత 128, 256 మైక్రోమోల్‌ల రెండు స్థాయిల్లో ఇచ్చారు. 256 దగ్గర ఎరుపు కింద పెట్టినవాటిలో బతికినవి తక్కువ, శైవలాల సాంద్రతా తక్కువే. నీలం కింద ఉన్నవే బాగా నిలిచాయి. పాతకాపు గారు దీనికి ఏమంటారో చూడాలి.

పాతకాపు:
ఏమంటాను, ప్రయోగం సరైనదే అంటాను. అయితే అందులో తెల్ల కాంతి ఎక్కడుంది? పూర్తి ఎరుపు చెడ్డదని తేలితే తెలుపు చెడ్డదని ఎలా అవుతుంది? కూల్ వైట్‌లో ముదురు ఎరుపు చాలా కొద్ది. ఆవిడ లైటులో ఎరుపు ఛానల్ విడిగా ఉంది, దాన్ని సున్నాకు దగ్గరగా ఉంచమని నేనూ చెబుతాను. వైట్ సంగతి వేరు.

కొలతబద్ద:
ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్ళే. కొలిచినవారు మాత్రం ఎవరూ లేరు.

ఈ వాదన ప్రతి ఏడాదీ వస్తుంది, ఎటూ తేలదు. ఎందుకంటే మనవాళ్ళు చేసే ప్రతి పరీక్షలో ఒకేసారి రెండు మారతాయి. నా ట్యాంకు లెక్కే చూడండి. నీలం, వయొలెట్ మొత్తం తెరిచి వైట్ సున్నాలో ఉంచితే రాతి నడుమ 140 పార్ వస్తోంది (పార్ అంటే కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుగు ఎంతో మైక్రోమోల్‌లలో చెప్పే కొలత). మిగతావి కదపకుండా వైట్‌ను 40 శాతానికి తెస్తే అదే చోట 215. ఇక అక్కడ మాంటిపోరా అంచు తెల్లగా సాగి పెరగడం మొదలైతే "చూశారా, తెలుపు మహిమ" అంటారు. తెలుపు మహిమా కాదు, దోషమూ కాదు. ముందు దానికి చాలినంత వెలుగు లేదు, ఇప్పుడు ఉంది. ఇదే తిరగేస్తే రెండో కథ వస్తుంది. ఒకాయన 230 పార్ కింద మాడుతున్న టార్చ్ కోరల్‌కు వైట్ ఆపేస్తాడు. వెలుగు 150కి దిగుతుంది, కోరల్ మళ్ళీ విచ్చుకుంటుంది. ఆయన ఊరంతా తిరిగి నీలం గొప్పతనం చెబుతాడు. స్పెక్ట్రమ్ తేడా తెలియాలంటే వైట్ తెరిచినప్పుడు నీలం తగ్గించి, పార్ అదే అంకె దగ్గర నిలపాలి. అలా చేసి మాట్లాడినవారు నాకైతే తారసపడలేదు.

ఫోనులోని లక్స్ యాప్‌తో ఈ పని కాదు. లక్స్ అనేది మన కంటి కొలత, 555 దగ్గర ఉన్న ఆకుపచ్చకు పెద్దపీట వేస్తుంది, 450 నీలాన్ని దాదాపు లెక్కలోకే తీసుకోదు. పూర్తి నీలం కింద లక్స్ తక్కువ చూపించిందని లైటు పెంచేసి పగడాన్ని తెల్లబరిచినవాళ్ళు ఉన్నారు. డబ్బా మీద వేసే 20,000 కెల్విన్ అంకెనూ నమ్మకండి. అంత పైన ఆ అంకెకు అర్థం "బాగా నీలం" అని మాత్రమే, అంతకు మించి అది ఏమీ చెప్పదు.

మామూలుగా మనం పెట్టుకునే హద్దులు ఇవి: మష్రూమ్‌లు, మెత్తటి రకాలకు 50 నుంచి 150 మైక్రోమోల్‌లు, టార్చ్ వంటి వాటికి 80 నుంచి 150, మాంటిపోరాకు 150 నుంచి 250, అక్రొపోరాకు 200 నుంచి 350. మిద్దెతోట గారూ, మీరు ఎండ సంగతి అడిగే లోపే చెబుతున్నాను, నడినెత్తి సూర్యుడి కింద నీటి పైన దాదాపు 2,000 ఉంటుంది. మిద్దె మీద ట్యాంకు ఆలోచన పెట్టుకోకండి. వెలుగు కన్నా ముందు వేడికే పోతాయి.

నీలిమందు:
కొలతబద్ద గారి మాట చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్క చోట తప్ప. పార్ మీటరు 400 నుంచి 700 వరకు ప్రతి ఫోటాన్‌నూ (వెలుగు కణాన్నీ) సమానంగా లెక్కపెడుతుంది. శైవలం అలా లెక్కపెట్టదు. 590 పసుపు ఫోటాన్ ఒకటి, 450 నీలి ఫోటాన్ ఒకటి మీటరుకు సమానమే, క్లోరోఫిల్‌కు కాదు. కాబట్టి 200 పార్ నీలం, 200 పార్ తెలుపు ఒకటే అనడం కుదరదు. మీరు చెప్పినట్టు అంకె నిలబెట్టి పరీక్ష చేసినా నీలమే గెలుస్తుందని నా నమ్మకం.

పాతకాపు:
నమ్మకానికి నేను అడ్డు రాను. కానీ ఒక విషయం మరిచిపోతున్నారు. శైవలాన్ని సీసాలో పోసి కొలిస్తే మీ లెక్క సరిపోతుంది. పగడంలో అది పలచటి కణజాలంలో ఉంటుంది, దాని కిందే తెల్లటి సున్నపు అస్థిపంజరం. లోపలికి వెళ్ళిన వెలుగు ఆ సున్నానికి తగిలి చెదిరి, తిరిగి తిరిగి అదే కణజాలం గుండా పోతుంది. మొదటిసారి జారిపోయిన పసుపు ఫోటాన్ తర్వాతి తిరుగుడులో దొరకవచ్చు. అందుకే సీసాలో కనిపించినంత తేడా పగడంలో ఉండదు.

పెరంబూరు పగడం:
మీరిద్దరూ పెరుగుదల గురించే కొట్టుకుంటున్నారు. వనిత గారు రోజూ చూసేది రంగు కదా. రంగుల్లో రెండు జాతులున్నాయి. ఆకుపచ్చ, నారింజ జోయాంథిడ్‌లు నీలాన్ని పీల్చి వేరే రంగులో వెలిగే రకం. నీలం కింద అవి నిప్పుల్లా ఉంటాయి. (ప్రయోగశాలల్లో పేరుమోసిన డిఎస్‌రెడ్ అనే ఎర్రటి ప్రొటీన్ 1999లో దొరికింది మనం పెంచే డిస్కోసోమా మష్రూమ్‌లోనే. అక్వేరియం వాళ్ళమని చిన్నచూపు చూసేవారికి చెప్పండి.) ఊదా, ముదురు నీలం అక్రొపోరాలు చాలావరకు వేరే రకం. వాటి వర్ణకం పసుపు ప్రాంతాన్ని పీల్చుకుంటుంది గానీ తను వెలగదు. తెల్ల కాంతి పడి, మిగతాది తిరిగి మన కంటికి చేరితేనే ఆ ఊదా కనిపిస్తుంది. ఉత్త నీలం కింద అవి నల్లబడిన కొమ్మల్లా ఉంటాయి. డబ్బు పోసి ఊదా అక్రొపోరా కొని వైట్ సున్నాలో పెట్టడం ఏమిటో నాకు అర్థం కాదు.

కొట్టులో కొనేటప్పుడు చిన్న తెల్ల టార్చి జేబులో వేసుకోండి. అన్నీ నీలం కిందే అమ్ముతారు. ఫ్రాగ్ మొదలు దగ్గర, జిగురు అంటించిన చోట, తెల్ల వెలుగు వేసి చూడండి. ఒంటి రంగు ఉన్నట్టుండి ఎముకలాంటి తెలుపులోకి మారితే అక్కడ కణజాలం ఊడిపోతోందన్నమాట. నీలం కింద ఆ గీత కంటికి ఆనదు. పగడాలకు పట్టే చదును పురుగులూ (ఫ్లాట్‌వర్మ్‌లు) అంతే, సయనోబాక్టీరియా పొరా అంతే.

ఇంకొకటి, విషయం వేరైనా చెప్పాలి. "మన్నార్ సింధుశాఖ నుంచి తెచ్చింది, చవక" అంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. దిగుమతి సరుకైతే కాగితాలు అడగండి.

వేళచ్చేరి వనిత:
చాలా థాంక్సండీ. నాకు అర్థమైనంతలో నీలం, వయొలెట్ ప్రధానంగా ఉంచి, ఎరుపు మూసి, మధ్యాహ్నం నాలుగైదు గంటలు వైట్‌ను పాతిక శాతం తెరుద్దామనుకుంటున్నాను. సాయంత్రం అత్తగారు సీరియల్ చూసే వేళకు కూడా కాస్త వైట్ ఉంచితే ఇంట్లో శాంతి. మాంటిపోరాను ముందు కింద ఇసుక దగ్గర పెట్టి, వారం వారం కొద్దికొద్దిగా పైకి తెస్తాను. ఎవరి దగ్గరైనా పార్ మీటరు అద్దెకు దొరుకుతుందా?

కొలతబద్ద:
అద్దె వద్దు, ఆదివారం నేనే తెస్తాను. అంతకు ముందు లైటు కింద ఉన్న యాక్రిలిక్ పలకను మంచినీళ్ళతో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. మన గాలికి దాని మీద ఉప్పు పొర కడుతుంది, తుడిచిన తర్వాత అంకె మారిపోతుంది. తుడవకముందు కొలిచి సెట్టింగు పెట్టుకుంటే, మీరు శుభ్రం చేసిన రోజే పగడానికి దెబ్బ తగులుతుంది.

నీలిమందు:
ఆదివారం నేనూ రావచ్చా? మీ మీటరు పాత సెన్సారుదైతే 410 కన్నా కింద ఉన్న వయొలెట్‌ను సరిగా అందుకోదు, నీలానికి అన్యాయం జరుగుతుంది.

కొలతబద్ద:
కొత్త సెన్సారే. రండి. పాతకాపు గారిని కూడా పిలవండి. వైట్ సున్నాలో ఒకసారి, పాతికలో ఒకసారి, పార్ 180 దగ్గర నిలిపి రెండు సెట్టింగులు రాసిపెడదాం. ఒకే మాంటిపోరాను రెండు ముక్కలు చేసి, ఒకటి ఆవిడ ట్యాంకులో, ఒకటి నా ట్యాంకులో పెడదాం.

పాతకాపు:
రెండు ట్యాంకుల్లో క్షారత, కాల్షియం వేరువేరుగా ఉంటే ఆ పరీక్ష దేనికి పనికొస్తుందండీ? ఒకే ట్యాంకును నడిమికి అడ్డుపలక పెట్టి రెండు లైట్ల కింద ఉంచాలి. నా దగ్గర ఖాళీ నాలుగడుగులది ఉంది. లైట్లు మీరు తెచ్చుకోండి, కరెంటు బిల్లు పంచుకుందాం.