వర్ధమాన దేశాల్లో వృద్ధిని నడిపించే పరిశ్రమలను గుర్తించడం ఎలా?

ప్రశ్న:
వర్ధమాన దేశాల వృద్ధిపై ఒక వ్యాసం రాస్తున్నాను. ఏ పరిశ్రమ వృద్ధికి ఊతమిస్తోందో తేల్చడానికి చాలామంది జీడీపీలో దాని వాటానే చూస్తున్నారు. నైజీరియాలో ఇటీవలి సంవత్సరాల్లో ముడి చమురు వాటా జీడీపీలో పదో వంతు కన్నా తక్కువే ఉన్నా, ఎగుమతుల ఆదాయంలో సింహభాగం దానిదే. ఇలాంటప్పుడు దేన్ని కొలమానంగా తీసుకోవాలి?

సమాధానం 1:
పరిశ్రమ ఎంత పెద్దదో వాటా చెబుతుంది గాని, అది తక్కిన రంగాలను కదిలిస్తోందో లేదో చెప్పదు. ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1958లో వివరించిన అనుబంధాల భావన, అంటే ఒక పరిశ్రమకు సరుకు అందించే రంగాలతోనూ, దాని సరుకును వాడే రంగాలతోనూ ఉండే లంకె, ఇక్కడ అక్కరకొస్తుంది. ఏ రంగం ఏ రంగం నుంచి ఎంత కొంటోందో చూపేదే ఇన్‌పుట్–అవుట్‌పుట్ పట్టిక. అందులో సిమెంటు నిలువు వరుసను చూస్తే ఆ పరిశ్రమ బొగ్గు, విద్యుత్తు, సున్నపురాయి, రవాణాలపై ఎంతెంత ఖర్చు పెడుతోందో, అడ్డు వరుసను చూస్తే ఆ సిమెంటు ఏ రంగాలకు చేరుతోందో తెలుస్తుంది. దిగుమతులను మినహాయించిన పట్టికనే తీసుకోండి. లేకపోతే విదేశీ సరఫరాదారులకు దక్కిన గిరాకీ కూడా స్వదేశీ అనుబంధంగా లెక్కలోకి వస్తుంది. చమురు విషయంలో ఈ అనుబంధాలు బలహీనం, ఉద్యోగాలూ తక్కువ. దాని ప్రభావమంతా ప్రభుత్వ ఆదాయం, విదేశీ మారకం ద్వారానే ప్రసరిస్తుంది కనుక దాన్ని బడ్జెట్ లెక్కల్లో వెతకాలి.

సమాధానం 2:
పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలి. ఒక్క ఏడాది పట్టికను నమ్ముకుంటే బంగ్లాదేశ్ దుస్తుల పరిశ్రమ మొదట్లోనే పక్కకు పోయేది, ఎందుకంటే అప్పట్లో అది దాదాపు బట్టంతా దిగుమతి చేసుకుని కుట్టి పంపేది. 1979లో దేశ్ గార్మెంట్స్ అనే అక్కడి సంస్థ సుమారు 130 మందిని శిక్షణ కోసం దక్షిణ కొరియాలోని దేవూ సంస్థకు పంపింది. తిరిగొచ్చినవారిలో చాలామంది తర్వాత ఇతర కర్మాగారాల్లో చేరడమో, సొంతంగా పెట్టుకోవడమో చేయడంతో ఆ నైపుణ్యం దేశమంతా పాకింది. నూలు మిల్లులు, నిట్టింగ్ మిల్లులు ఆ వెనుకే పెరిగాయి. నేడు సరుకుల ఎగుమతి ఆదాయంలో 80 శాతానికి పైగా దుస్తులదే. నైపుణ్యం ఇలా చేతులు మారడం ఏ పట్టికలోనూ కనబడదు, నా దృష్టిలో అసలు చూడవలసింది అదే.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే వేర్వేరు సంవత్సరాల పట్టికలను పోల్చి, అనుబంధాలు బలపడుతున్న పరిశ్రమలను ఎంచుకోవచ్చా?

సమాధానం 1:
ఎంచుకోవచ్చు. దానికి తోడు, వ్యవసాయం నుంచి ఆ పరిశ్రమలోకి ఎందరు మారుతున్నారో, అక్కడ ఒక్కో కార్మికుని ఉత్పాదకత ఎంత పెరుగుతోందో శ్రామిక సర్వేల్లో చూడండి. చాలా వర్ధమాన దేశాల్లో పట్టికలు ఆలస్యంగా వెలువడతాయి, నమోదు కాని చిన్న యూనిట్ల ఉత్పత్తి వాటిలో అంచనాగా మాత్రమే ఉంటుంది. అందువల్ల అలాంటి యూనిట్లు ఎక్కువగా ఉన్న రంగాలకు ర్యాంకులు ఇచ్చే ముందు ఆ అంచనా ఎలా వేశారో తప్పక చదవండి.